దూకుడు తర్వాత... ముందు నిలబడటం నేర్పండి

కుక్కపిల్లని ఇంటికి తెచ్చేది మగవాళ్లో, మారాం చేసిన పిల్లలో. పెంచేది మాత్రం మనం. ఈ మాట కాదనే ఇల్లు మా సింహాచలంలో ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి దణ్ణం పెట్టుకుని వస్తాను. తెచ్చిన రోజు ఫోటోలు, స్టేటస్‌లు, పేరేం పెట్టాలని పెద్ద చర్చ. నెల తిరిగేసరికి పెరుగన్నం కలిపేది మనం, వరండా కడిగేది మనం, టీకా తేదీ గుర్తు పెట్టుకునేది మనం. అది చెప్పు కొరికితే "అంతా నీ గారాబమే" అనిపించుకునేదీ మనమే.

చాకిరీ అంతా మనదైనప్పుడు దానికి ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో చెప్పే మాట కూడా మనదే కావాలి కదా? అక్కడ మాత్రం అందరూ పెద్దలే! ఒకాయన గొలుసు వేసి గేటుకి కట్టెయ్యమంటాడు. ఇంకొకాయన నాలుగు తగిలిస్తే గానీ దారికి రాదంటాడు. ఈ మధ్య మూడో రకం కూడా తయారైంది. ఫోన్లో ఏదో వీడియో చూసి, ఐదు నెలల పిల్ల చేత కుర్చీల మీదుగా, గోడల మీదుగా దూకించి, "మా వాడు చూడండి" అని రీల్ పెట్టేవాళ్లు. ఈ ముగ్గురితోనూ నాకు పేచీ ఉంది.

ముందు దూకించేవాళ్ల సంగతి చూద్దాం. కుక్కల చేత అడ్డంకులు దాటించే ఆటని అజిలిటీ అంటారు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శనలో, మధ్యలో జనానికి కాలక్షేపంగా ఉంటుందని గుర్రాలు అడ్డంకులు దూకే పోటీని చూసి దీన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్నారు. కర్రల మీదుగా దూకడం, గొట్టంలోంచి దూరడం, వరసగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ పరిగెత్తడం, ఊగే బల్ల ఎక్కి దిగడం. పక్కన మనిషి పరిగెడుతూ చెయ్యి చూపిస్తే చాలు, కుక్క అటు తిరుగుతుంది. చూడ్డానికి భలే ముచ్చటగా ఉంటుంది, కాదనను.

కానీ ఆ ముచ్చట చూసినవాళ్లు దాని వెనక ఉన్న నియమం చూడరు. అంతర్జాతీయ సమాఖ్య పోటీల్లో 18 నెలలు నిండని కుక్కని బరిలోకే రానివ్వరు. అమెరికా కెన్నెల్ క్లబ్ వాళ్లు 15 నెలలు నిండాలంటారు. ఎందుకంటే పిల్ల ఎముకల చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. ఎముక పొడుగు పెరిగేది ఆ మెత్తని చోటే. గ్రోత్ ప్లేట్ అంటారు దాన్ని. చిన్న జాతి కుక్కల్లో అది ఏడాది లోపే మూసుకుంటుంది, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతుల్లో ఏడాదిన్నర దాకా పట్టొచ్చు. ఈలోగా పదే పదే ఎత్తు మీంచి దూకిస్తే ఆ మెత్తని చోట దెబ్బ తగులుతుంది, కాలు వంకర పోవచ్చు, కీళ్లు జీవితాంతం బాధించొచ్చు. మన పిల్లాడు నడక నేర్చిన నెలకే అరుగు మీంచి దూకమని చప్పట్లు కొడతామా? దూకితే వెంటనే ఎత్తుకుని కాళ్లు తడిమి చూడమూ? కుక్కపిల్లకి నోరు లేదు కాబట్టి, పైగా అది తోకాడిస్తూ దూకుతుంది కాబట్టి, దానికి ఇష్టమే అనుకుంటున్నాం. మనం నవ్వితే చాలని దూకే వయసు అది. దాని ఇష్టం చూసి కాదు, దాని వయసు చూసి మనం ఆపాలి.

ఇక కొట్టేవాళ్లు. "దెబ్బ లేందే కుక్క మాట వినదు" అంటారు. ఈ మాట పిల్లల గురించి కూడా విన్నాం కదా, కోడళ్ల గురించి కూడా అన్న రోజులున్నాయి! భయంతో వచ్చే బుద్ధి భయపెట్టే మనిషి ఉన్నంతసేపే ఉంటుంది. ఇంట్లో కర్ర పట్టుకునే ఆయన పోర్టులోనో స్టీల్ ప్లాంటులోనో సి షిఫ్టుకి వెళ్లిపోతాడు. రాత్రంతా ఆ కుక్కతో ఉండేది ఎవరు? ఇల్లాలూ, పిల్లలూ. ఆయన కర్రకి అణిగిన కుక్క మన మాటకి ఎందుకు ఆగుతుంది? అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. కుక్క గుర్రుమంటే కొడతాం. నాలుగుసార్లు కొట్టాక అది గుర్రుమనడం మానేస్తుంది. మనం బుద్ధి వచ్చిందనుకుంటాం. దాని భయం ఎక్కడికీ పోలేదు, హెచ్చరిక మాత్రమే పోయింది. తర్వాత ఒకరోజు చప్పుడు లేకుండా నేరుగా కరుస్తుంది. ఎవర్ని? ఇంట్లో అందరికంటే చిన్నవాడిని. అమెరికాలో జంతువుల ప్రవర్తన చదివిన పశువైద్యుల సంఘం 2021లో స్పష్టంగానే చెప్పింది, ఏ కుక్కకైనా సరే, బహుమతి ఇచ్చి నేర్పే పద్ధతే వాడాలని.

"మరి పోలీసు కుక్కలో?" అని అడుగుతారు. వాసన పట్టే జాగిలం పని చేసేది బంతి కోసం. వెతికి పట్టుకుంటే తన బంతి తనకి దొరుకుతుందని దానికి తెలుసు. దానికది ఆట. కొడితే ముక్కు పనిచేస్తుందా?

మన వాళ్లకి పురాణం చెబితే వింటారేమో. భారతం మొదట్లోనే సరమ కథ ఉంది. నన్నయగారూ ఆదిపర్వంలో ఆ కథ చెప్పారు. సరమ దేవతల కుక్క. ఆమె పిల్ల జనమేజయుడు యాగం చేసే చోట ఆడుకుంటుంటే రాజుగారి తమ్ముళ్లు పట్టుకుని కొట్టారు. అది ఏ తప్పూ చేయలేదు. తల్లి నేరుగా రాజు దగ్గరికే వెళ్లి, మంచీ చెడూ చూడకుండా బలంలేని వాళ్లని బాధపెడితే అనుకోని ఆపద తప్పదని చెప్పి పోయింది. అంత పెద్ద గ్రంథంలో మొదట్లోనే ఒక తల్లి కుక్క న్యాయం అడిగింది చూశారా! మనం ఆదిపర్వం నాటికి కూడా చేరలేదు.

మూడోది గొలుసు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఇంకా అమల్లోనే ఉంది. మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువు గొలుసుతో గంటల తరబడి కట్టేయడం అందులో నేరమే. ఎప్పుడూ కట్టేసో, ఇరుకులో పెట్టో ఉంచే కుక్కకి తగినంత వ్యాయామం ఇవ్వకపోతే యజమానిది తప్పని కుక్క పేరెత్తి మరీ రాశారు. కొండకింద మన వీధుల్లో గేటుకి కట్టేసిన కుక్కలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణకి లక్షల మంది మన గుమ్మాల ముందు నుంచి నడిచి వెళ్తారు. ఆ రాత్రి గొలుసుకున్న కుక్క పారిపోలేక, దాక్కోలేక తెల్లవార్లూ గొంతు పోయేలా అరుస్తుంది. పొద్దున్న మనమే "పిచ్చి కుక్క" అంటాం.

సరే, దూకించొద్దు, కొట్టొద్దు, కట్టొద్దు. మరేం చెయ్యాలి? అజిలిటీ ఆడే దేశాల్లో కూడా మొదటి ఏడాది నేలమీదే గడుస్తుంది. ఆ పునాది పాఠాలకి మైదానం అక్కర్లేదు, మన వంటిల్లూ వరండా చాలు. మా చిట్టి వీధిలో దొరికిన నాటు పిల్ల. దానికి నేను నేర్పుతున్నవే చెబుతాను.

మొదట ఒక మాట ఎంచుకోండి. నేను "భలే" అంటాను. మనకి కావలసిన పని చేసిన క్షణంలోనే ఆ మాట, వెంటనే నోట్లో చిన్న ముక్క. రెండు రోజుల్లో ఆ మాట విలువ దానికి తెలిసిపోతుంది. తర్వాత అరచెయ్యి చాపి పట్టుకోండి. ముక్కు తాకించగానే భలే. రేపు గేటు తీసి ఉన్నప్పుడు రోడ్డు మీంచి వెనక్కి పిలవడానికి ఇదే ఆధారం.

పాత గోనెపట్టా ఒకటి పరవండి. దాని మీద నాలుగు కాళ్లూ పెడితే ముక్క. పడుకుంటే ఇంకో ముక్క. చుట్టాలొచ్చినప్పుడు, టపాకాయలు కాల్చినప్పుడు, ప్రదక్షిణ జనం వెళ్తున్నప్పుడు దానికి వెళ్లడానికో చోటు ఉంటుంది. అన్నం గిన్నె నేల మీద పెట్టేముందు ఒక్క క్షణం "ఆగు", తర్వాత "వెళ్లు". ఆ ఒక్క క్షణమే నెల తిరిగేసరికి అర నిమిషం అవుతుంది. పాలవాడొచ్చి తలుపు తీసినా అది గుమ్మం దాటదు.

ఇప్పుడు అసలు ముచ్చట. కుక్కపిల్లకి తనకి వెనక కాళ్లు కూడా ఉన్నాయన్న ధ్యాసే ఉండదు. ముందు కాళ్లు ఎటు పోతే అవి అటు ఈడ్చుకొస్తాయి. వంటింటి పీట తిరగేయకుండా నేల మీద పెట్టి, ముందు కాళ్లు రెండూ దాని మీద ఎక్కించండి. మీరు నెమ్మదిగా పీట చుట్టూ తిరగండి. అది వెనక కాళ్లు పక్కకి వేస్తూ మీతో తిరగాలి. ఒక్క అడుగు వేసినా భలే. నాలుగు కర్రలు నేల మీదే దూరం దూరంగా పెట్టి, మెల్లగా దాటుకుంటూ నడిపించండి. కర్రల్ని ఎత్తొద్దు. రెండు కుర్చీల మీద పాత చీర కప్పితే సొరంగం. బోర్లించిన బకెట్ చుట్టూ కుడి నుంచి ఒకసారి, ఎడమ నుంచి ఒకసారి. వెడల్పాటి చెక్క కింద మడిచిన తువ్వాలు పెడితే కాస్త కదులుతుంది. కదిలే నేలంటే భయం పోతుంది. ఎక్కనంటే బలవంతం వద్దు. ఇవాళ వాసన చూసింది, రేపు ఒక కాలు పెడుతుంది.

ఒక్కో పాఠం మూడు నిమిషాలు, మించితే ఐదు. ఇంకా ఆడదామన్న హుషారు ఉండగానే ఆపేయాలి. పెట్టే ముక్కలు దాని రోజువారీ తిండిలోంచే తియ్యండి. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, క్యారెట్ ముక్కలు మంచివి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ వద్దే వద్దు. ప్రసాదం మిగిలిందని కిస్‌మిస్ ఉన్న పాయసం పెట్టేవాళ్లున్నారు, వాళ్లకీ చెప్పండి. విశాఖ ఉక్కపోతలో ఎండెక్కాక ఆటలు పెట్టొద్దు. చేతి వెనక భాగం నేలకి ఆనించి చూడండి. మీరు ఐదు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు.

"కుక్కకి కూడా బడేటమ్మా, సోద్దెం కాపోతే!" అని మా వీధి పిన్నిగారొకరు నవ్వారు. "ఇంటి పనే తెమలట్లేదు" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. మన నెత్తిన ఇంకో పని పెట్టడానికి ఇది రాయడం లేదు. లెక్క వేసి చూడండి. రోజుకి పది నిమిషాలు నేర్పడం ఎక్కువా, ఏమీ నేర్పని కుక్క చింపిన దుప్పట్లు కుట్టడం, పక్కింటివాళ్లకి సంజాయిషీ చెప్పడం, వీధి చివరిదాకా దాని వెనక పరిగెత్తడం ఎక్కువా? అయినా ఆ పది నిమిషాలూ మనమే ఎందుకివ్వాలి? తెచ్చినాయన పొద్దున్న పీట పాఠం చెప్పొచ్చు. మారాం చేసిన పిల్లలు సాయంత్రం కర్రలు దాటించొచ్చు. కొట్టకుండా, అరవకుండా ఓపిగ్గా నేర్పడం అబ్బాయిలు చిన్నప్పుడే నేర్చుకుంటే రేపు వాళ్ల ఇళ్లకీ మంచిదే.

ఇంకో మాట. ఈ పాఠాలకి ఖరీదైన జాతి అక్కర్లేదు. మంచు దేశపు హస్కీని తెచ్చి మన ఉక్కపోతలో కుదేసి, ఏసీ గదిలో బంధించడం ఏం పెంపకం? మన నేల కుక్కలు తక్కువవేం కావు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన జొనంగి మన ఆంధ్ర జాతే. వీధిలో పుట్టిన పిల్ల పిట్టగోడ మీద నడిచే ఒడుపు చూడండి, ఏ పోటీ కుక్కకీ తీసిపోదు. టీకాలు వేయించి, వయసొచ్చాక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, ఓపిగ్గా నేర్పితే చాలు.

అప్పన్నకి దూడని మొక్కుకునే ఊరు మనది. మూగజీవి మీద మనకి భక్తి లేదని ఎవరూ అనలేరు. ఆ భక్తిలో కాస్త ఓపిక మన గేటు దగ్గర ఉన్న జీవికీ దక్కాలనే నా గోల. ఈసారి ఎవరైనా మీ కుక్కపిల్లని దూకమంటే, "ఇంకా ఏడాది ఆగండి, ఈలోగా పీట పాఠం మీరే చెప్పండి" అని ముక్కల డబ్బా వాళ్ల చేతిలో పెట్టండి. గొలుసు తెస్తే తిప్పి పంపండి. కర్ర తెస్తే లాక్కుని నేల మీద పరవండి. దాటడం నేర్పడానికి ఒక కర్ర ఎటూ కావాలి.