మూడు వారాల తేదీ

కొన్నేళ్ల క్రితం మా మదరసాలో పదేళ్ల విద్యార్థి ఒకడు సబఖ్ వేళ మోకాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. మరునాటికి నొప్పి చీలమండకు మారింది. పాఠం తప్పించుకునే సాకని మేము మందలించాము. జ్వరం తగ్గకపోవడంతో తండ్రి పలమనేరు నుండి వచ్చి తిరుపతికి తీసుకువెళ్లాడు. గుండె కవాటం దెబ్బతిన్నదని వైద్యులు తేల్చారు. అంతకు మూడు వారాల ముందు ఆ బాబు గొంతునొప్పితో బాధపడిన సంగతి అప్పుడుగాని మాకు గుర్తు రాలేదు.

దీని పేరు రుమాటిక్ జ్వరం. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వలన గొంతు వాచిన రెండు మూడు వారాలకు శరీర రక్షణశక్తి పొరబడి, తన కీళ్లపై, గుండెపై తానే తిరగబడుతుంది. కీళ్లు కోలుకుంటాయి; కవాటాలపై గాయం మాత్రం మిగిలిపోవచ్చు. 5 నుండి 15 ఏళ్ల వయసు పిల్లలే దీనికి ఎక్కువగా గురవుతారు.

సంపన్న దేశాలలో పిల్లలకు పుట్టిన తరువాత సంక్రమించే గుండె జబ్బులలో నేడు ముందున్నది కవసాకి వ్యాధి. 1967లో జపాన్ వైద్యుడు తొమిసాకు కవసాకి దానిని లోకానికి వివరించారు. రుమాటిక్ జ్వరం ఆ దేశాలలో పెన్సిలిన్ రాకకు ముందే, ఇళ్లలో ఇరుకు తగ్గిన కొద్దీ, వెనుకంజ వేసింది. మన దేశంలో అది నేటికీ వీడలేదు. ఒకే గదిలో పలువురు నిద్రించే చోట దగ్గు తుంపరలతో ఆ సూక్ష్మజీవి సులభంగా వ్యాపిస్తుంది. మన ఇళ్లు, మన వసతిగృహాలు అటువంటివే కదా!

తిరుపతిలో 2021 అక్టోబరు నుండి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం పనిచేస్తున్నది. శస్త్రచికిత్సకు దూరాలు వెళ్లే బాధ కొంత తగ్గింది. అయితే ఆ దశ రాకుండా కాపాడేది మూడు నాలుగు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ సూది. వైద్యుని సలహాతో దానిని ఏళ్ల తరబడి, తరచుగా 21 ఏళ్ల వయసు వరకో ఆ పైననో, కొనసాగించాలి. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని మానివేస్తే జ్వరం తిరగబెట్టవచ్చు; తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం మరింత చెడవచ్చు.

ఇప్పుడు మా హాజరు పట్టీ పక్కనే సూది తేదీల పట్టీ ఉన్నది. పడకల మధ్య ఎడం పెంచాము, కిటికీలు తెరిచాము. గొంతునొప్పి అన్న విద్యార్థిని ఆనాడే వైద్యునికి చూపిస్తున్నాము.

రోజుకు ఐదు పూటల నమాజ్ వేళలు తప్పని కుటుంబాలు మనవి. మూడు వారాలకొక తేదీ గుర్తుంచుకోవడం మనకు భారమా? బిడ్డలు అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఆ తేదీని కాపాడటం కూడా ఆ అమానత్‌ను కాపాడటమే.