వెలిగే దీపము - ఆర్పిన దీపము

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. పాత కారు కొనబోయేవారికి ఈ సామెత చక్కగా పనికివస్తుంది. మీటర్ల పలకమీద హెచ్చరిక దీపం వెలుగుతున్నంత మాత్రాన బండి పనికిరానిదని మేము అనము. ఎవరైనా దాన్ని ఆర్పివేయకముందే అది ఏమి చెబుతున్నదో తెలుసుకోవాలని మాత్రమే మా మనవి.

బెంగళూరులోనైనా, అమెరికాలోనైనా, ఉద్యోగం కుదిరిన మన పిల్లలు స్పోర్ట్సు కార్లమీద ముచ్చటపడుతున్నారు. ముచ్చటలో తప్పులేదు. కాని పాతది చవకగా వస్తున్నదన్న ఆశతో, ఇంటి స్థలానికో చెల్లెలి చదువుకో దాచిన సొమ్ము తీసి పోసేముందు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది రంగు. నూనె డబ్బా ఆకారంలో ఎర్ర దీపం వెలిగితే ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోయిందన్నమాట. వెంటనే ఇంజను ఆపాలి. కొంచెం నడిపి చూద్దామనుకోరాదు. ఇంజను బొమ్మతో పసుపుపచ్చ దీపం నిలకడగా వెలిగితే అంత తొందర లేదు. అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం సిలిండరులో పెట్రోలు సరిగా మండటంలేదు. మండని పెట్రోలు పొగగొట్టంలోని కాటలిటిక్ కన్వర్టరులోకి పోయి, దాన్ని మితిమీరి వేడెక్కించి పాడుచేస్తుంది.

రెండవది సంకేతం. లోపాన్ని కనిపెట్టి అంకెలలో దాచిపెట్టుకొనే ఏర్పాటు అమెరికా కార్లలో 1996 నుంచి, మన దేశపు కార్లలో ఆ తరువాత తప్పనిసరి అయింది. డ్రైవరు మోకాళ్ళ దగ్గర పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. దానికి స్కానరు తగిలిస్తే ఆ అంకెలు కనిపిస్తాయి. పి 0420 అంటే కన్వర్టరు సరిగా పనిచేయడంలేదని కారుకు అనుమానం. అనుమానమే గాని తీర్పు కాదు. పొగగొట్టంలో చీలిక ఉన్నా, ఆక్సిజన్ సెన్సారు చెడినా ఆ అంకే రావచ్చు. అమెరికా కార్లలో పి 0455 వస్తే పెట్రోలు ఆవిరి బయటికి పోతున్నదన్నమాట. ఒక్కొక్కప్పుడు టాంకు మూత గట్టిగా బిగించడమే దానికి మందు. దీపం ఒకటే, ఖర్చులు వేరు.

మూడవది అన్నిటికన్న ముఖ్యం. "చిన్న సెన్సారు లోపమండీ, నిన్ననే తీయించేశాను" అంటాడు అమ్మేవాడు. అదే స్కానరుతో దీపాన్ని ఒక్క నిమిషంలో ఆర్పవచ్చు; రోగం పోదు. అయితే అట్లా చెరిపినప్పుడు కారు తన పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుంచి చేసుకోవాలి. అందుకు కొన్నాళ్ళు నడవాలి. పరీక్షలు పూర్తికాలేదని స్కానరు చూపితే, ఈమధ్యనే ఎవరో చెరిపారనో, బాటరీ తీశారనో గ్రహించాలి. తాళం తిప్పగానే, ఇంజను కదలకముందు, దీపం ఒకసారి వెలగాలి. వెలగకపోతే దాని నోరు నొక్కారేమోనని శంకించాలి.

నాలుగవది, దీపానికి తెలియని జబ్బులు. పోర్షే వారి బాక్‌స్టర్ కారు 2008 వరకు వచ్చిన నమూనాలలో ఇంటర్మీడియట్ షాఫ్టు బేరింగు చెడుతుందన్న పేరున్నది. అది విరిగితే ఇంజనే పోవచ్చు. దీపం ముందుగా చెబుతుందన్న నమ్మకం లేదు. 2009 నమూనానుంచి వచ్చిన ఇంజనులో ఆ షాఫ్టే లేదు. పైగా ఈ బండిలో ఇంజను సీట్ల వెనుక ఉంటుంది. ముందు మూత ఎత్తితే కనిపించేది సామాను పెట్టుకొనే చోటు. కాబట్టి బండిని పైకెత్తించి నూనె చెమ్మ చూడాలి. నూనె ఫిల్టరు విప్పించి లోహపు పొడి ఉన్నదేమో చూడాలి. బేరింగు మార్చారంటే రసీదు అడగాలి.

ఇక బేరం. ఇంజను చల్లగా ఉన్నప్పుడే, మన మెకానికు ఎదుట స్టార్టు చేయించండి. అడ్వాన్సు ఇచ్చేది పరీక్ష అయిన తరువాతనే. లోపం చిన్నదే అంటే, వారినే బాగుచేయించి ఇమ్మనండి. చేయించనంటే, దాన్ని పెద్ద లోపంగానే లెక్కకట్టి ధర తగ్గించండి. స్కానరు తగిలించనివ్వకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇంట్లో పెద్దలకు కూడా ఒక మాట. "ఈ కారు మనకెందుకురా" అని అడ్డుపడితే పిల్లవాడు చెప్పకుండా కొంటాడు. "స్కానరు కాగితం ఏదిరా అబ్బాయీ" అని అడిగితే, చూసి కొంటాడు.