మారుచు నిలిచెడి సంగీతము

సంగీతము తరతరమునకు మారిపోవుచున్నదని పెద్దలు కొందరు చింతింతురు. మారుట దోషము కాదు. పూర్వులది నేర్వకయే మార్చబూనుట దోషమని నా అభిప్రాయము.

అమెరికాలో నల్లజాతివారి నడుమ పుట్టిన జాజ్ సంగీతమును చూడుడు. మన రాగాలాపనమునకు వలెనే దానికిని మనోధర్మమే ప్రాణము. 1940 తరువాత చార్లీ పార్కర్ అను విద్వాంసుడు దాని నడకనే మార్చివైచెను. కాని అతడు యౌవనారంభమున, తనకు ముందటివాడగు లెస్టర్ యంగ్ రికార్డులను వినివిని, ఆ కల్పనలను కంఠస్థము చేసినవాడు.

మన తిరువొత్తియూరి చరిత్రయు ఇట్టిదే. త్యాగరాజస్వామి ఇచ్చటికి విచ్చేసి త్రిపురసుందరీదేవిపై తెలుగున ఐదు కృతులు రచించెను. ఆయన శిష్యుడు వీణ కుప్పయ్యరు ఈ ఊరివాడే. కుప్పయ్యరు కుమారుడు త్యాగయ్యరు (1845-1917) సహానా, దర్బారు మొదలగు రాగములలో క్రొత్త వర్ణములు కూర్చెను. తండ్రి రచనలతోబాటు తన రచనలను చేర్చి 1900లో 'పల్లవి స్వరకల్పవల్లి'ని ప్రకటించెను. పొరుగున నున్న మణలి మొదలియార్ల ఆదరణమున బాలుస్వామి దీక్షితులు ఐరోపావారి ఫిడేలు నేర్చి, దానిని మన సంగీతమునకు అనువుపరచెను.

పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969-2014) మాండలిన్‌పై ఇట్టి కార్యమే సాధించెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడగా, ఆ బాలుడు వాద్యమున పలికించి నేర్చెను. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున కచేరీ చేసెను.

ఇక మన యిండ్ల సంగతి. పిల్లలు తెలుగు వర్ణములను తమిళ లిపిలోనో, ఆంగ్ల లిపిలోనో వ్రాసికొని పాడుచున్నారు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము గనుక 'కాలి', 'గాలి' అను మాటలు రెండును సాధారణముగా ఒకే రీతిగ కనబడును. ఉచ్చారణ తప్పినచో అర్థము తప్పును. నాదము చాలును, మాటలతో పనియేమని కొందరందురు. అర్థమెరుగనివాడు పదమును ఎచ్చట విరువవలెనో, ఏ మాటపై నిలువవలెనో ఎట్లు తెలిసికొనును?

కావున తలిదండ్రులారా! మీ బిడ్డ నేర్చిన వర్ణములలో ఒక్కదానిని తెలుగు లిపిలో వ్రాయించి, అర్థము చెప్పింపుడు. విద్యార్థులారా! త్యాగయ్యరు వర్ణము నొకదానిని ఈ సెలవులలో నేర్చి, సాహిత్యమును మీ చేతితో వ్రాసికొనుడు. పిదప మీకు తోచిన వాద్యమున, మీకు తోచిన రీతిని వాయింపుడు.