ఆశ్రమంలోని వృద్ధులు ఏ ఊరి లెక్క?

కోనసీమలో వృద్ధాశ్రమం అన్నది ఇప్పుడు కొత్త మాట కాదు. ఇరవై ఏళ్ళ క్రితం ఫలానావారు తల్లిని ఆశ్రమంలో వేశారట అంటే ఊరు వారం రోజులు చెప్పుకునేది. ఇప్పుడు అంతగా చెప్పుకోవడం లేదు. కొడుకు హైదరాబాదులో, కూతురు కువైట్‌లో, కొబ్బరితోట కౌలుకు, ఇంటికి తాళం. ఇటువంటి ఇళ్ళు మన ఊళ్ళలో వీధికి ఒకటి రెండు కనబడుతున్నాయి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు 1909లో కన్నుమూసే వరకు దారిన పోయేవారందరికీ అన్నం పెట్టిన సీమ ఇది. అటువంటి చోట వృద్ధులకు వేరే ఇల్లు కట్టవలసి రావడం పెద్దలకు కష్టంగా తోచవచ్చు. అయినా ఆశ్రమాలు ఉండాలా, వద్దా అన్న చర్చకు కాలం చెల్లింది. ఉన్నవి ఎలా నడుస్తున్నాయన్నదే ఇప్పుడు చూడవలసిన విషయం.

పంట కాలువ గట్టున ఉన్న ఒక ఉచిత వృద్ధాశ్రమానికి మేము కొన్నేళ్ళుగా వార్తల నిమిత్తం పోయి వస్తున్నాము. దాని పేరు ఇక్కడ వేయడం లేదు. ఇక్కడ చెప్పబోయే మంచిగానీ చెడుగానీ ఆ ఒక్కదానికే చెందినవి కావు.

మంచి ముందు చెప్పుకోవాలి. తెల్లవారకముందే టీ, ఎనిమిది లోపల ఇడ్లీయో ఉప్మాయో, మధ్యాహ్నం అన్నం, పప్పు, మజ్జిగ, చీకటి పడకుండానే రాత్రి భోజనం. ఎవరి బి.పి. మాత్రలు, ఎవరి షుగరు మాత్రలు వారి పేరు రాసిన డబ్బాలో ఉంటాయి. వంటామె పక్కన నిలబడి మింగించి పోతుంది. ఇది చిన్న విషయం కాదు. ఊళ్ళో పెద్ద పెంకుటింట్లో ఒంటరిగా ఉండి, పొద్దున ఒక్కసారి వండుకున్నది రెండు పూటలా తినే ముసలివారు ఎందరో మనకు తెలుసు. నూతి దగ్గర జారిపడితే పక్కింటివారు చూసేదాకా అక్కడే పడి ఉండవలసిందే. ఆశ్రమంలో చేయి చాపితే అందేంత దూరంలో ఇంకో మంచం, దాని మీద ఇంకో మనిషి ఉంటారు. రాత్రి దగ్గు వస్తే ఎవరో ఒకరు "ఏమైందమ్మా" అంటారు.

మంచాల వరుస గురించి వంటామె మరో సంగతి చెప్పింది. మొదట్లో ఎవరి పక్కన ఎవరు పడుకోవాలి, ఎవరి కంచం ఎక్కడ పెట్టాలి అని కులం పేరుతో తగాదాలు వచ్చేవట. ఒక పెద్దమనిషి నాలుగు రోజులు వరండాలోనే తిన్నాడట. ఐదో రోజున జ్వరం వచ్చింది. తల తడిపి గుడ్డ వేసినది ఎవరో చూసుకున్న తరువాత ఆయన లోపలికి వచ్చి కూర్చున్నాడట. ఊళ్ళో డెబ్భై ఏళ్ళలో జరగనిది ఇక్కడ వారంలో జరిగింది.

"ఇక్కడ ఎవరికీ బరువు కాను బాబూ. మా ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా వెనకా ముందూ చూసుకునేదాన్ని" అని ఒక వృద్ధురాలు మాతో అన్నది. కొడుకు చెడ్డవాడని ఆమె అనలేదు. కోడలిని కూడా ఏమీ అనలేదు. ఇంట్లో ముగ్గురూ కూలికి పోతారు, తనను చూసుకోవాలంటే ఒకరు మానుకోవాలి, అంతే.

ఇక లోపాలు. మొదటిది భోజనంతోనే వస్తున్నది. ఇటువంటి ఆశ్రమాలు దాతల మీద నడుస్తాయి. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, తద్దినాలు, అక్టోబరు 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం. ఆ రోజులలో అన్నదానం, పండ్ల పంపిణీ, ఫొటో. ఆ ఫొటోలు ఈ పేజీలో వేసినవారము మేమే గనుక ఈ మాట అనే హక్కు మాకు ఎంతవరకు ఉన్నదో పాఠకులే నిర్ణయించాలి. దాతలను తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు, వారు లేకుంటే పొయ్యి వెలగదు. కానీ దాత కారు ఒంటిగంటన్నరకు వస్తే అంతవరకు ఆకులు వేసి కూర్చోబెట్టడం మేము కళ్ళారా చూశాము. పొద్దున షుగరు మాత్ర వేసుకున్న మనిషి భోజనం ఆలస్యమైతే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉన్నది. వచ్చిన తరువాత లడ్డూ, మైసూరుపాకం, సేమ్యా పాయసం. షుగరు ఉన్నవారు వద్దంటే దాతకు కోపం, తింటే ఒంటికి చేటు. ఒకే రోజున ఇద్దరు దాతలు వస్తే వండినది మిగిలిపోతుంది. ఎవరి పుట్టినరోజూ లేని వారంలో పప్పులో నీళ్ళు ఎక్కువవుతాయి. ఏ రోజు ఏమి కావాలో, ఏ వేళకు కావాలో ఆశ్రమంవారు ఒక బోర్డు మీద రాసి గేటుకు కట్టవచ్చు. మిఠాయిల డబ్బు పెద్దల డైపర్లకు, రాత్రి మనిషి జీతానికి ఇమ్మని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడుతున్నారు.

రాత్రి మనిషి అన్నామే, అది వేరే కొరత. పగలు ముగ్గురు పనివారు. రాత్రి తొమ్మిది తరువాత గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. ముసలివారు పడిపోయేది ఎక్కువగా రాత్రివేళ మరుగుదొడ్డికి లేచినప్పుడే. మరుగుదొడ్లు ఇంకా నేలమట్టానివే, పట్టుకోవడానికి కమ్మీ లేదు, గుమ్మం దగ్గర మెట్టు. తుంటి ఎముక విరిగినవారు మళ్ళీ లేచి తిరగడం ఎంత కష్టమో అందరికీ తెలిసినదే. కమ్మీలు బిగించడానికి అయ్యే ఖర్చు ఒక అన్నదానం ఖర్చుకు మించదు.

అయితే ఇవన్నీ నిర్వాహకులు తలచుకుంటే సరిదిద్దగలిగినవి. మేము అసలు చెప్పదలచినది వేరు. ఆశ్రమం గేటు దాటి లోపలికి పోయిన మనిషి తన ఊరి లెక్కలోంచి పోతున్నాడు. ఆశ్రమం ఉన్న ఊరి లెక్కలోకి రావడం లేదు.

పింఛను సంగతే చూడండి. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు రూ.4,000 అయింది. 1వ తేదీన ప్రభుత్వ సిబ్బంది ఇంటికి వచ్చి ఇస్తారు. మంచి ఏర్పాటు. కానీ ఆ ఇల్లు ఏది? కార్డు పాత ఊళ్ళో ఉన్నవారు నెలనెలా ఆటో కట్టించుకుని పోవాలి, లేదా ఇక్కడికి బదిలీ పెట్టుకోవాలి. వరుసగా రెండు నెలలు తప్పినా మూడో నెల కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 చివరలో తెచ్చారు గానీ, మంచం మీద ఉన్నవారికి మూడో నెల మాత్రం ఎలా పోవడం? పోయినా వేలిముద్ర పడదు. జీవితమంతా నాట్లు వేసి, కొబ్బరి పీచు తీసిన వేళ్ళు అవి, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. బదిలీకి అర్జీ రాయించేవారు, ఆధార్ చిరునామా మార్పించేవారు లేక పింఛను వదులుకున్నవారు కూడా మేము పోయిన ఆశ్రమంలో ఉన్నారు.

ఓటు కూడా అంతే. 2024 ఎన్నికలలో 85 ఏళ్ళు దాటినవారికి ఇంటి దగ్గరే ఓటు వేసే అవకాశం ఎన్నికల సంఘం ఇచ్చింది. ఓటు పాత ఊళ్ళో, మనిషి ఇక్కడ అయితే ఆ సిబ్బంది ఏ ఇంటికి పోవాలి? చిరునామా మార్పుకు ఫారం 8 ఉన్నది, నింపించినవారు లేరు. ఓట్లు లేనిచోటికి అభ్యర్థులూ రారు. వార్డు మెంబరు దగ్గర నుంచి ఎవరూ ఆ గట్టు మీదికి తొంగి చూడలేదంటే ఆశ్చర్యం లేదు. 104 వాహనం ఊళ్ళోకి వచ్చి రచ్చబండ దగ్గర ఆగి వెళ్ళిపోతుంది. అక్కడి నుంచి ఆశ్రమానికి కిలోమీటరున్నర. కర్ర పట్టుకుని నడిచేవారు ఆ దూరం రాలేరు, వాహనం ఆ దూరం పోదు.

ఊరి బయట ఎందుకు కట్టారంటే స్థలం చౌక అంటారు. దానం ఇచ్చిన భూమి ఎక్కడ ఉంటే అక్కడే కట్టాలి, నిజమే. కాని గుడి గంట వినబడని, బడిపిల్లలు కనబడని చోట ఆకలికి అన్నం ఉన్నా పొద్దు గడవడం కష్టం. పని కూడా లేదు. కూరలు తరుగుతామని ఆడవారు, మొక్కలకు నీళ్ళు పోస్తామని మగవారు అడిగితే, దెబ్బ తగిలితే మా మీదికి వస్తుందని నిర్వాహకులు ఒప్పుకోవడం లేదు. గేటుకు పగలు కూడా తాళమే. "మా ఊళ్ళో దాళ్వా కోతలు అయిపోయాయా నాయనా?" అని ఒక ముసలాయన మమ్మల్ని అడిగాడు. ఆయన ఊరు అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. అంత దూరంలో ఉన్న ఊరి వార్త విలేకరిని అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాలు జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమాలను, అందరూ సులువుగా చేరుకోగల చోట నెలకొల్పవచ్చు. నెలకొల్పాలి అనలేదు, నెలకొల్పవచ్చు అన్నారు. ఆ ఒక్క మాట దగ్గరే చట్టం చతికిలబడింది. ఆశ్రమాలలో ఏయే సౌకర్యాలు ఉండాలో నిర్ణయించే అధికారం కూడా అదే సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది.

పోషణ కోసం ఆర్.డి.ఓ. స్థాయి అధికారి ముందు అర్జీ పెట్టుకోవచ్చు. ప్లీడరు అక్కరలేదు. నోటీసు ఇచ్చిన 90 రోజులలో తేల్చాలి, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. నెలకు రూ.10,000 వరకు ఇప్పించవచ్చు. కదలలేని వృద్ధుడి తరఫున అతడు ఒప్పుకుంటే వేరే వ్యక్తి గాని, నమోదైన స్వచ్ఛంద సంస్థ గాని అర్జీ పెట్టవచ్చునని చట్టంలోనే ఉన్నది. అంటే ఆశ్రమంవారే పెట్టవచ్చు. ఎందుకు పెట్టరని అడిగితే, "కొడుకుల మీద కేసు పెట్టిస్తే రేపు శవాన్ని కూడా తీసుకుపోరండీ" అని మేనేజరు అన్నాడు. ఆ భయం లేనిదని మేము అనలేము. కానీ ఆ భయం వల్ల నష్టపోతున్నది ఎవరు?

పొలం రాసి ఇచ్చినవారి కథ ఇంకా కష్టం. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో దానపత్రం రద్దును నిలబెడుతూ, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగే విధంగా ఉదారంగా చదవాలని చెప్పింది. ఏదెలా ఉన్నా దస్తావేజులో ఆ ఒక్క వాక్యం ఉంటే వృద్ధుడికి బలం. రిజిస్ట్రారు ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు లేఖరులు అడగకుండానే అది రాయాలి. కొడుకు ఎదుట అడగడానికి తండ్రికి నోరు రాదు. ఆస్తి పూర్తిగా రాసి ఇవ్వకుండా తన తదనంతరం అని వీలునామా రాసుకోవడం ఇంకా క్షేమం.

డబ్బు తీసుకునే ఆశ్రమాల గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అమెరికాలోనో బెంగుళూరులోనో పిల్లలున్నవారు డిపాజిట్టు కట్టి, నెలనెలా ఇచ్చి చేరుతున్నారు. గదికి ఏ.సి., మంచం పక్కన గంట ఉంటాయి. చేరేముందు డిపాజిట్టు ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారో, మంచాన పడితే ఉంచుకుంటారో పంపేస్తారో కాగితం మీద రాయించుకోవాలి. కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో ఇటువంటి వాటికి మాదిరి నిబంధనలు పంపింది గానీ, అవి మాదిరి మాత్రమే.

ఉచిత ఆశ్రమాల విషయంలో తక్షణం జరగవలసినవి డబ్బు లేకుండానే అయ్యేవి. తహసీల్దారు, మండల పరిషత్ అధికారి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు ముగ్గురూ ఒక రోజు అక్కడ కూర్చుంటే పింఛను బదిలీలు, చిరునామా మార్పులు, ఓటు దరఖాస్తులు సాయంత్రానికి పూర్తవుతాయి. 104 వాహనం ఇంకో కిలోమీటరున్నర పోవాలి. పంచాయతీవారు గ్రామసభకు ఆ మనుషులను కూడా పిలవాలి, రాలేనివారి మాట వినడానికి ఒక మెంబరు పోవాలి. ఆశ్రమం ఆఫీసు గదిలో సందర్శకుల పుస్తకం ఒకటి ఉన్నది. మేము తిరగేసిన పేజీల నిండా పుట్టినరోజు దాతల సంతకాలు, దీవెనలు. అధికారి సంతకం ఒక్కటీ కనబడలేదు.