ఖాళీ కడుపుతో క్లాసుకొచ్చేవాడికి బుర్ర లేదనకండి



మాది పాడేరు వైపు చిన్న ఊరు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి సెకండియర్ చదువుతున్నా.

పోయిన నెల నా రూమ్మేటు మీద చెయ్యెత్తాను. బకెట్ కోసం! సాయంత్రం సిగ్గేసింది. ఆలోచిస్తే ఆ రోజు పొద్దున్న ఏం తినలేదు, ముందు రోజూ అంతే. టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం ఆకలికి గబగబా అన్నం కుక్కుకోవడం, క్లాసులో తూగడం.

ఇంటి దగ్గర ఇలా లేదు. చోడి అంబలి తాగనిదే అమ్మ కొండ మీదికి పంపేది కాదు. ఫస్టియర్లో అదే సీసాలో పోసుకెళ్తే ఒకడు 'గంజి తాగుతున్నాడ్రా' అని నవ్వాడు. అప్పటినుంచి మానేశాను. ఇప్పుడు బీచ్ రోడ్డులో వాకింగుకొచ్చినోళ్ళు అదే రాగి జావ కొనుక్కుని మరీ తాగుతున్నారు, అది వేరే సంగతి.

అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో 1944-45లో ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్ళకి 24 వారాలు తిండి బాగా తగ్గించారు. వాళ్ళకి చిరాకు పెరిగింది, నలుగురితో కలవడం తగ్గిపోయింది, ఎప్పుడూ తిండి ధ్యాసే. చదువు మీద మనసు నిలవట్లేదన్నారు. కానీ పరీక్ష పెట్టి చూస్తే తెలివి మాత్రం తగ్గలేదు. ఈ ముక్క నేను రెండుసార్లు చదివాను. మనం అంత పస్తులుండట్లేదు, నిజమే. కానీ 'ఏజెన్సీ పిల్లలకి కోపం ఎక్కువ, శ్రద్ధ తక్కువ' అనే లెక్చరర్లు, పొద్దున్న ఏం తిన్నావని ఎప్పుడైనా అడిగారా?

రెండోవైపు తప్పు మనదీ ఉంది. ఇంగ్లీషు పేపర్ పోయినప్పుడు నేను రెండు రోజులు మెస్సుకే వెళ్ళలేదు, ఎవరికీ మొహం చూపించలేక. తినకపోయేసరికి ఇంకా దిగులు, దిగులుకి ఇంకా తినబుద్ధి కాదు. అలా ఉండి ఉండి పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోయినోళ్ళు నాకు ఇద్దరు తెలుసు. తిండి ఒక్కటే కారణం అనను. భాష ఉంది, డబ్బులున్నాయి. కానీ భాష రావడానికి ఏళ్ళు పడుతుంది, అంబలికి రేపు పొద్దున్న చాలు.

అంబలి పేదోళ్ళ తిండి అని సిగ్గుపడేవాళ్ళకి ఒక లెక్క. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటుతుంది. పాలిష్ బియ్యంలో 10 దగ్గరే ఆగిపోతుంది.

పండక్కి వెళ్ళి రెండు కిలోల చోడి పిండి తెచ్చాను. మెస్సులో వండే అక్కని బతిమాలితే పొద్దున్న కాచి ఇస్తోంది. ఆరుగురం తాగుతున్నాం. నా రూమ్మేటు కూడా. ఉప్పెక్కువైందని రోజూ గొణుగుతాడు, గ్లాసు మాత్రం ఖాళీ చేస్తాడు.

పిండి ఇంకో వారం వస్తుంది. ఆ తర్వాత మెనూలోనే పెట్టమని వార్డెన్ గారికి అర్జీ రాద్దామనుకుంటున్నాం. ఎవరి హాస్టల్లోనైనా ఇలా అడిగి సాధించుకుని ఉంటే, అర్జీ ఎలా రాశారో కింద పెట్టండి అన్నా.