దీవికో రీలు... ఓడకో రోజు!

సినిమావాళ్ళకి సముద్రం ఓ లెక్కా? పల్లవి ఓ దీవిలో, చరణం ఇంకో దీవిలో! మధ్యలో హీరోయిన్ చీర మారుతుందే తప్ప, పాపం ఆవిడ ఓడెక్కినట్టు ఒక్క షాటైనా ఉండదు. హాల్లో ఈల వేసే మనకి ఆ రెండు దీవుల మధ్య ఎన్ని గంటల నీళ్ళున్నాయో ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పరు గనక ఈ వారం నేను చెబుతాను.

మా మేనల్లుడికి నిరుడు పెళ్ళయింది. హనీమూన్ మాత్రం వాయిదాల మీద నడుస్తోంది. ఇన్నాళ్ళకి ఆ అమ్మాయి పెళ్ళికి ముందునుంచీ కట్టుకుంటున్న చీటీ డబ్బు చేతికొచ్చింది. "జూన్ మొదట్లో పది రాత్రులు గ్రీసు దీవులు చుట్టొస్తాం మావయ్యా!" అంటూ మావాడు ఓ కాగితం పట్టుకొచ్చాడు. చూద్దును గదా, అది ప్రయాణం జాబితా కాదు, సినిమాల జాబితా!

ఒకటి, మికోనోస్. 2003లో వచ్చిన ‘చల్తే చల్తే’లో షారుఖ్ ఖాన్, రాణీ ముఖర్జీ పాడుకున్న చోటు. రెండు, స్కోపెలోస్. 2008లో ‘మమ్మా మియా’ కోసం మెరిల్ స్ట్రీప్ గంతులేసిన దీవి. మూడు, క్రీట్. 1964 నాటి ‘జోర్బా ద గ్రీక్’లో ఆంథొనీ క్విన్ ఆఖరి డాన్సు అక్కడి స్తావ్రోస్ బీచిలోనే. నాలుగు, రోడ్స్. 1961లో ‘ద గన్స్ ఆఫ్ నవరోన్’ తీసిందక్కడ.

అబ్బాయి అభిరుచికి వంక పెట్టను. కానీ పటం పరిచి పెన్సిల్ పెట్టేసరికి వచ్చింది తంటా! ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో మికోనోస్ ఓడ దొరుకుతుంది. స్కోపెలోస్‌కి దొరకదు. దానికి ఉత్తరాన వోలోస్ రేవుకి పోవాలి. క్రీట్ దక్షిణపు కొస, ఓడలో ఓ రాత్రి. రోడ్స్ తూర్పున టర్కీ ఒడ్డుకి దగ్గర, పిరేయస్ నుంచి సగం రోజు పైనే. అంటే పది రోజుల్లో నాలుగైదు రోజులు ఓడల్లో, రేవుల్లో, పెట్టె మోతల్లో! చీటీ పాడింది సముద్రంలో ఆడుకోడానికా, సూట్‌కేసుకి కాపలా కాయడానికా?

పోనీ, అంత కష్టపడి వెళితే సినిమా అక్కడ దొరుకుతుందా? నవరోన్ అనే దీవే లేదు! జోర్బా ఆడిన ‘సిర్తాకీ’ తాతల నాటి నాట్యం కాదు, పాత అడుగుల్ని కలిపి ఆ సినిమా కోసం కూర్చినదే. ‘మమ్మా మియా’ పెళ్ళి గుడి నిజంగానే స్కోపెలోస్‌లో బండమీద ఉంది, దాదాపు రెండొందల మెట్లు. లోపల జరిగిన పెళ్ళి మాత్రం స్టూడియో సెట్టులో. 2018లో రెండో భాగం తీస్తే, కథలో అదే దీవి, కెమెరా ముందున్నది క్రొయేషియాలోని విస్ దీవి! ఆర్ట్ డైరెక్టర్లకి దణ్ణం పెట్టాలి.

మావాడు మొహం మాడ్చుకున్నాడు. అప్పుడడిగాను ఆ పిల్లని, "నీకేం కావాలమ్మా?" అని. ఆమెది నిజామాబాద్. "నేను సముద్రాన్ని సినిమాల్లో చూడటమేనండీ. ఈత రాదు. భయం లేకుండా నీళ్ళలో నిలబడాలని ఉంది" అంది. మావాడు తలెత్తి పెళ్ళాం వంక చూశాడు. ఏడాది కాపురంలో ఈ మాట అతను అడగలేదు, ఆమె చెప్పలేదు!

అంతే, జాబితా తిరగరాశాం. సైక్లడీస్ దీవుల్లో ఒకే ఓడదారి మీద మూడు దీవులు. ముందు రాత్రి ఏథెన్స్. మర్నాడు పిరేయస్ నుంచి నాలుగు గంటల్లో పారోస్, అక్కడ రెండు రాత్రులు. అక్కణ్ణుంచి గంటలోపే నాక్సోస్, నాలుగు రాత్రులు. ఊరి పక్కనే అయ్యోస్ యోర్యోస్ బీచి, చాలా దూరం దాకా లోతు ఉండదు. ఈత రానివాళ్ళకి స్వర్గం! రేవు దగ్గరే, కట్టడం పూర్తికాని పురాతన దేవాలయం తాలూకు చలువరాతి ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఏ సెట్టూ దాని ముందు నిలవదు. తర్వాత రెండు గంటల దూరంలో సాంటొరీని, రెండు రాత్రులు. తెల్లటి ఇళ్ళు, అగ్నిపర్వతం మిగిల్చిన నల్లటి ఇసుక. ఆఖరి రాత్రి మళ్ళీ ఏథెన్స్. గాలి రేగితే ఓడలు ఆగిపోతాయి, విమానం మనకోసం ఆగదు మరి!

జూన్ మొదలు మంచి అదను. మనకి తొలకరి పడే వేళ వాళ్ళకి ఎండలు మొదలు. నీళ్ళు కాస్త చల్లగా ఉన్నా, ‘మెల్టెమీ’ అనే ఉత్తరపు గాలి జోరు జులై, ఆగస్టుల్లోనే ఎక్కువ. గదుల ధరలు కూడా అప్పుడే కొండెక్కుతాయి. షెంగెన్ వీసాకి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో కూడా చూపించాలి. అందుకైనా జాబితా ముందే తేల్చుకోవాలి.

దీవుల దాకా పోలేనివాళ్ళు విశాఖకే వెళ్ళండి, ఊటీకే వెళ్ళండి, సూత్రం ఒక్కటే. చోట్లు తగ్గించండి, రాత్రులు పెంచండి. జాబితా రాసేముందు పక్కనున్న మనిషికి ఏం కావాలో ఒక్కసారి అడగండి. డైరెక్టరు చూపించినదాన్ని హాల్లో ఎలాగూ చూస్తాం. సొంత డబ్బుతో వెళ్ళినప్పుడైనా మన సీను మనం రాసుకోవద్దూ?