ఆమెకూ చెప్పండి!

"ఆవిడకి మాత్రం చెప్పకండి డాక్టరుగారూ!"

క్యాన్సర్ ఆస్పత్రుల్లో తరచూ వినపడే మాట ఇది. భర్త అంటాడు, కొడుకు అంటాడు, ఒక్కోసారి కూతురూ అంటుంది. చెప్తే బెంగ పెట్టుకుంటుందనీ, తట్టుకోలేదనీ, ఉన్న మనశ్శాంతి కాస్తా పోతుందనీ వాళ్ల భయం. ప్రేమతో అనే మాటే, కాదనను. కానీ ఒక్కటి ఆలోచించండి. కోసేది ఆమె ఒంటిని. జుట్టు ఊడేది ఆమెకి. నెలల తరబడి వాంతులు, నీరసం భరించాల్సింది ఆమె. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఆమె ఒక్కతెకే తెలియకూడదనడం ఏం న్యాయం?

అయినా దాచేస్తే దాగుతుందా? ఆస్పత్రి గేటు మీద ఇంతింత అక్షరాలతో 'క్యాన్సర్' అని రాసి ఉంటుంది. ఆమెకి చదువు రాదా? రాకపోయినా పక్క మంచం ఆవిడ చెప్పదా? చాలామంది ఆడవాళ్లకి సంగతి తెలుసు. తెలియనట్టు నటిస్తారు, పిల్లలు బాధపడతారని. వీళ్లు ఆమె ముందు, ఆమె వీళ్ల ముందు. ఆ నాటకంలో ఆమెకి కలిగిన సందేహం ఒక్కటీ డాక్టరు దాకా వెళ్లదు.

ఇది ఏదో ఒకరిద్దరి గోడు కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా 14 లక్షల మందికి పైగా క్యాన్సర్ బారినపడ్డారు. అందులో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లే సుమారు 1 లక్షా 92 వేల మంది. ఆడవాళ్లలో రెండో స్థానం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది. ఇంతమందికి అందాల్సిన వైద్యం మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

మనవాళ్లనడిగితే పెద్ద ఆస్పత్రి, పెద్ద మిషను, ఫారిన్ వెళ్లొచ్చిన డాక్టరు అంటారు. డాక్టర్లు అలా అనరు. వాళ్ల లెక్క వేరే. ముందు రోగం ఏదో ముక్క పరీక్షతో... అదే, బయాప్సీతో ఖాయం కావాలి. రొమ్ములో గడ్డ ఉంటే చేత్తో చూడటం, మామోగ్రామో స్కానింగో చేయడం, సూదితో ముక్క తీసి పరీక్షించడం, ఈ మూడూ జరగాలి. క్యాన్సరే అని తేలితే అది హార్మోన్లకి లొంగే రకమా, 'హెర్2' రకమా అన్నదీ చూడాలి. మందు దాన్నిబట్టే ఉంటుంది. ఆపరేషన్ చేసే డాక్టరు, కీమో ఇచ్చే డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని ఏది ముందో ఏది తర్వాతో నిర్ణయించాలి. మొదలుపెట్టాక డోసు తగ్గకుండా, మధ్యలో మానకుండా పూర్తిచేయాలి.

ఇవన్నీ అక్షరాలా నిజం. 'సూది పెడితే క్యాన్సర్ పాకుతుంది' అని మనలో చాలామంది బయాప్సీకి భయపడతారు. ఆ భయం వద్దు. రోగమేదో తేల్చకుండా గడ్డ కోయించుకుని, తీసిన ముక్కని పరీక్షకి పంపకుండా ఊరుకోవడం, భయపడాల్సింది దానికి.

ఇక రోగులేమంటారు? మా మేనత్తకి తోడుగా నేను ఆర్నెల్లపాటు హైదరాబాదులో ఒక ఆస్పత్రికి తిరిగాను. కీమో గది బయట బెంచీల మీద కూర్చున్నప్పుడు ఆడవాళ్లు ఏం మాట్లాడుకునేవారో విన్నాను. ఒక్కరూ మిషన్ల సంగతి ఎత్తలేదు. 'జుట్టు మళ్లీ వస్తుందా?' 'ఇది అంటుకుంటుందా? మనవణ్ణి పక్కలో వేసుకోవచ్చా?' 'వంకాయ తినొచ్చా?' 'కరెంటు పెడితే ఒళ్లు కాలిపోతుందట, నిజమేనా?' 'మూడు వారాలకోసారి రమ్మంటున్నారు, అమ్మాయి పరీక్షలప్పుడు ఎలాగ?' 'ఆయన సెలవు అయిపోయింది, ఈసారి ఎవరొస్తారు?' ఇవీ వాళ్ల ప్రశ్నలు. అన్నిటికన్నా ఎక్కువగా వినపడింది ఇంకోటి. 'రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలి?'

ఆ ప్రశ్న విలువ మాకు రెండో కీమో తర్వాత తెలిసింది. పదో రోజు రాత్రి అత్తయ్యకి జ్వరం, చలి. కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే 'పొద్దున ఓపీకి తీసుకురండి' అని పెట్టేశారు. కానీ అంతకుముందే బెంచీ మీద పరిచయమైన ఒకావిడ చెప్పింది, కీమో అయ్యాక జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దని. ఆ మాట పట్టుకుని అప్పటికప్పుడు క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. తెల్లకణాలు బాగా పడిపోయాయన్నారు. వెంటనే సెలైన్ ద్వారా యాంటీబయోటిక్స్ ఎక్కించారు. అత్తయ్య గట్టెక్కింది.

కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్లకణాలు తగ్గుతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ప్రాణం మీదికి రావచ్చు. జ్వరం బిళ్ల వేసి పడుకోబెట్టడం కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇంత ముఖ్యమైన సంగతి పక్క బెంచీ ఆవిడ చెప్తేగానీ తెలియకపోతే, లక్షలు పోసి ఎక్కించిన మందుకి అర్థమేముంది?

డాక్టర్లది సైన్సనీ, రోగులు అడిగేది ఓదార్పనీ చాలామంది అనుకుంటారు. అది సరికాదు. అమెరికాలో ఒక పెద్ద క్యాన్సర్ ఆస్పత్రిలో 766 మంది రోగుల మీద ఒక పరిశీలన చేశారు. కొందరిని తమ బాధలని, అంటే వికారం, నొప్పి, ఆయాసం వంటివి ఎప్పటికప్పుడు కంప్యూటర్‌లో నమోదు చేయమన్నారు. బాధ ముదిరితే నర్సుకి కబురు వెళ్తుంది. మిగతావారికి మామూలు పద్ధతే. 2017లో ఫలితాలు వచ్చాయి. బాధ చెప్పుకునే దారి ఉన్నవాళ్లు సగటున 31 నెలలు, లేనివాళ్లు 26 నెలలు బతికారు. కొత్త మందేం లేదు. చెప్పుకోవడానికి దారి, వినడానికి ఒక మనిషి, అంతే!

అంతకుముందే, 2010లో, బాగా ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద చేసిన ఇంకో పరిశీలన కూడా ఇలాంటిదే. మొదటినుంచీ మామూలు వైద్యంతోపాటు ఉపశమన చికిత్స, అంటే పాలియేటివ్ కేర్ కూడా అందుకున్నవాళ్లు దిగులు తక్కువగా ఉన్నారు, రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా. 'ఇక చేసేదేం లేదు' అన్నాక పంపించే చోటు కాదది. నొప్పికి మొదటి రోజునుంచే మందు ఉంది. క్యాన్సర్ నొప్పికి మెట్లు మెట్లుగా మందు ఎలా ఇవ్వాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడమే గగనమైంది. 2014లో చట్టాన్ని సవరించి కొంత దారి సుగమం చేశారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆస్పత్రిలాంటి చోట్ల ఈ చికిత్స దొరుకుతుంది. అయినా ఎన్ని జిల్లాల్లో మన ఆడవాళ్లు పళ్లబిగువున నొప్పి ఓర్చుకుంటున్నారో! ఓర్పు మన సొత్తని ఎవరో అంటే మనమూ నమ్మేశాం.

మళ్లీ మొదటి మాటకి వస్తాను. జబ్బేమిటో తెలియని మనిషి తన బాధ ఎలా చెప్పగలదు? జ్వరం వస్తే ప్రమాదమని తెలియాలంటే, తనకి ఇస్తున్నది కీమో అని తెలియాలి కదా! తొలిదశలో రొమ్ము మొత్తం తీయాలా, గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇస్తే సరిపోతుందా అన్న ప్రశ్న చాలామంది విషయంలో వస్తుంది. అది తేల్చుకోవాల్సింది ఆమె, మరిది కాదు. పిల్లలు కలగాల్సిన వయసు పిల్లకి కీమో మొదలుపెట్టకముందే అండాలు భద్రపరచుకునే దారి చెప్పాలి. తర్వాత చెప్పి లాభంలేదు. రోగం నయమయ్యేది కాకపోతే, నగలు ఎవరికో, పుట్టింటికి వెళ్లాలో వద్దో, ఎవరితో ఏం చెప్పుకోవాలో కూడా ఆమె ఇష్టమే కదా!

'చెప్తే గుండె ఆగిపోతుందేమో' అంటారు. గభాలున మొహం మీద చెప్పమని ఎవరూ అనరు. మీ జబ్బు గురించి మీకేం తెలుసు, ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు అని ముందు అడగాలి. దుర్వార్త ఎలా చెప్పాలో డాక్టర్లకి నేర్పే పద్ధతుల్లో ఇదొక మెట్టు. 'నాకేం చెప్పొద్దు, మా అబ్బాయితో మాట్లాడండి' అని ఆమె అంటే సరే. కానీ ఆ మాట ఆమె నోటినుంచి రావాలి.

రోజుకి వందమందిని చూసే డాక్టరుకి అంత తీరికెక్కడిది అంటారా? నిజమే. అందుకే ఈ పనికి నర్సులూ, కౌన్సిలర్లూ ఉండాలి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్‌కీ, కీమోకీ చాలా కుటుంబాలకి ఆసరా దొరికింది. దానికి తోడు ప్రతి క్యాన్సర్ రోగికీ తెలుగులో రాసిన ఒక కాగితం, రాత్రీ పగలూ పలికే ఒక నంబరు, నొప్పికి మందు ఇవ్వగలిగే ఒక చోటు సొంత జిల్లాలోనే ఉండాలని మనం గట్టిగా అడగాలి. ఇవేవీ కోట్ల మిషన్లు కావు.

మనం చేయగలిగిందీ ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు పిల్లల పాత నోటుబుక్కొకటి తీసుకుని ప్రశ్నలు రాసుకోండి. నా జబ్బు పేరేమిటి? ఏ దశలో ఉంది? మీరిచ్చే వైద్యం నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా? వేరే దారులేమైనా ఉన్నాయా? ఏ లక్షణం కనిపిస్తే పరుగున రావాలి? రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? జవాబులు అక్కడే రాయండి, రిపోర్టులు అందులోనే పెట్టండి. తోడు వెళ్లేవాళ్లు మీరైతే, మీరు మాట్లాడకముందు ఆమెని మాట్లాడనివ్వండి. ఆ పుస్తకం మీ సంచీలో కాదు, ఆమె తలగడ దగ్గర ఉండాలి.